కూలి చెవి

ప్రెస్సు మేడ మీది గది
ఆదివారం సాయంత్రం

బావా,

ఇవాళ మన సంఘం చచ్చిపోయింది. టైలరు గారి వెనక గదిలో, ఇంకా కాళ్లు కుట్టని పంట్లాముల మధ్య, ఆరుకు అయిదు ఓట్లతో చచ్చిపోయింది. నువ్వుంటే ఆరుకు ఆరయ్యేది. నీకేమో ఎప్పుడూ ఏదో ఒక మైదానంలో స్పీకర్లు మోసే పనే.

సంగతి విను. మన ‘బండరాయి’ని ఈసారి సంగీతోత్సవానికి హెడ్‌లైనర్‌గా పిలిచారు. మూడో రోజు, పెద్ద వేదిక, ఆఖరి కచేరీ! ఎనిమిదేళ్లుగా రెండొందల మంది పట్టే గోడౌన్ హాల్లో వాయిస్తున్న మెటల్ బ్యాండుని పదిహేను వేల మంది ముందు నిలబెడుతున్నారు. ఈ కబురు విన్న అభిమానుల సంఘం ఎగిరి గంతెయ్యాలా వద్దా? గంతెయ్యలేదు. చర్చ పెట్టింది. ‘బండరాయి శైలి హెడ్‌లైనర్‌కి తగునా?’ అని పలక మీద సుద్దముక్కతో రాసి మరీ పెట్టింది.

ముందుగా లేచింది పళ్ల డాక్టరు. రోజంతా ఎదుటివాడి నోరు తెరిపించి తానొక్కడే మాట్లాడే అలవాటు కదా, సభలోనూ అంతే.

“మెటల్ అంటే నాకూ ప్రాణమే. కానీ హెడ్‌లైనర్ అన్నాక జనం నోట పట్టే పల్లవి ఒకటుండాలి. వీళ్ల పాటలో పల్లవి వచ్చేలోపు నేను రెండు పళ్లు పీకి, కుట్లు కూడా వేసేస్తాను” అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ తర్వాత బ్యాంకు గుమస్తా. “చేతులెత్తండి అనడు, గెంతండి అనడు, కనీసం బాగున్నారా అని అడగడు ఆ గొంతు మహానుభావుడు. సగం వీపు మనవైపు పెట్టి పాడతాడు. పదిహేను వేల మంది పనిగట్టుకుని వచ్చి ఒక వీపుని చూస్తారంటావా?”

“ముఖం చూస్తే తప్ప నమ్మనివాడు కౌంటర్లో కూచోవాలి, మన సంఘంలో కాదు” అన్నాను.

“నేను కూచునేది కౌంటర్లోనేనయ్యా” అన్నాడు. మళ్లీ నవ్వులు.

చివరికి అధ్యక్షుడు టైలరు గారు మెడలో టేపు సర్దుకుని తీర్పు చెప్పాడు. “చొక్కా మంచిదే బాబూ. వంక పెట్టను. కానీ తొడుక్కునేది ఏనుగు. బలవంతాన తొడిగితే ఏనుగుకేం కాదు, చొక్కాయే చిరుగుతుంది.”

అప్పుడు నేను స్టూలెక్కాను. “మిత్రులారా! ఏనుగు చొక్కా అడగలేదు!” అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. స్టూలెక్కి అన్నమాటను దిగి వెనక్కి తీసుకోలేం కదా.

ఇదంతా భరించాను బావా. కానీ వాళ్లు చివరికి ఆ మౌనం మీద చెయ్యి వేశారు. మన మౌనం మీద! ‘పునాది’ పాట పదిహేడు నిమిషాలూ అయ్యాక ఆఖరి తాళం దెబ్బ పడుతుంది. మన డ్రమ్మరు, నిదానం, రెండు కర్రలూ పైకెత్తి అలాగే ఉండిపోతాడు. ఆ మోత పూర్తిగా చచ్చేదాకా, కర్రలు దించేదాకా, హాల్లో ఒక్కడు చప్పట్లు కొట్టడు, దగ్గడు. పదిహేనేళ్లప్పుడు నన్ను మొదటిసారి తీసుకెళ్లింది నువ్వే. నేను చప్పట్లు కొట్టబోతే భుజం నొక్కి “ఉండు” అన్నావు. నలభైమూడు సెకన్లు. ఆ నలభైమూడు సెకన్లలో నేను మనిషినయ్యాను. దాన్ని పట్టుకుని డాక్టరు, “మైదానంలో అది రెండు సెకన్లు నిలవదు, ఈలలేస్తారు” అంటాడా? నిలవదు సరే, నేర్పితే నిలవదా? జనాన్ని నమ్మనివాడు పళ్లే పీకగలడు, ఇంకేం పీకగలడు?

నాలుగో కరపత్రం రాసేశాను, ఒకటి జత చేస్తున్నాను. ప్రెస్సులో తప్పుపడి పక్కన పారేసిన దగ్గుమందు లేబుళ్ల వెనకే అచ్చు వేస్తున్నాను. ఒకవైపు ‘రాజీకి తావు లేదు’, తిప్పితే ‘బాగా కుదిపి రోజుకు మూడుసార్లు తాగవలెను’. ఎవరి పేరూ రాయలేదులే. నా నియమం నీకు తెలుసు. మనిషిని పేరు పెట్టి కొట్టను, వాడి ధోరణిని కొడతాను.

నీ మాట ఒక్కటి కావాలి. తగును, అని రాయి చాలు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోనైతే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక చస్తావా?

నీ బావమరిది

-

మైదానం పక్క కేబుళ్ల షెడ్డు
బుధవారం, మధ్యాహ్నం విరామం

ఒరేయ్ కరపత్రం,

చివరిదాకా చదివాను. వెనక దగ్గుమందు కూడా చదివాను. ముందువైపు కంటే వెనకవైపే ఆచరించడానికి వీలుగా ఉంది.

తగును అని రాయమన్నావు. రాయను. తగదు. కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా మళ్లీ స్టూలెక్కకు. నీ ఒడ్డూ పొడుగూ స్టూలు మీద బాగోదు.

చెవులున్నవాడిగా చెప్తున్నా విను. గోడౌన్ హాల్లో ఆ రేకు కప్పే బండరాయిలో అయిదో మనిషి. గొంతు ఒక్క రాగం పట్టి వదిలితే గోడకు కొట్టుకుని, కప్పుకు కొట్టుకుని, తిరిగొచ్చి మన గుండెల మీద కూచుంటుంది. అందుకే వాళ్లు నిదానంగా వాయిస్తారు, తిరిగొచ్చేదాకా ఆగాలి కాబట్టి. మైదానానికి గోడలెక్కడివి? ఇక్కడ వదిలిన మోత ఉద్యోగం దొరికిన మేనల్లుడి లాంటిది. వెళ్లిందంటే వెళ్లిందే, ఇటు తిరిగి చూడదు. ఆ ఖాళీని వేగంతో నింపేవాళ్లనే మామూలుగా ఆఖరి కచేరీకి పిలుస్తారు. మీ డాక్టరు పల్లవి అన్నది దానికే. పళ్లు పీకేవాడైనంత మాత్రాన ప్రతి మాటా తప్పవదు.

ఇంకొకటి. ఆఖరి కచేరీకి ఇచ్చేది డెబ్బై నిమిషాలు. ఎనిమిది కొట్టేసరికి మైదానం మూతపడాలి. చుట్టూ ఇళ్లున్నాయి, ఇళ్లలో పసిపిల్లలున్నారు, పిల్లలకన్నా పెద్ద గొంతున్న తాతలున్నారు. బండరాయి పాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు వాయిస్తే డెబ్బైకి డెబ్బై అయిపోతాయి. ఊపిరి తీసుకునే చోటుండదు. ఏదో ఒకటి తెగాలి. అది తెలిసినవాడు ముందే తెంపుతాడు, తెలియనివాడిది ఆఖర్లో దానంతటదే తెగుతుంది.

తగదు అన్నాను గానీ వాయించొద్దనలేదు. తగకపోయినా వాయించాలి. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నీ లేబులు వెనక పట్టదు.

నీ పాటల పెట్టె మా ఇంట్లో మర్చిపోయావు. మొన్న మీ అత్త పొరపాటున ‘పునాది’ పెట్టింది. పదిహేడు నిమిషాలూ విన్నదిరా! అయిపోయాక, “ఎవరో బీరువాని మెట్ల మీంచి దింపుతున్నట్టుంది. దింపేసినట్టేనా, ఇంకా సగంలోనే ఉన్నారా?” అని అడిగింది. నీ సంఘంలో చేర్చుకో. ఆరుకు ఆరవుతుంది.

అయిదో కరపత్రం మాత్రం కొన్నాళ్లు ఆపు. కారణం అడక్కు.

బావ

-

ప్రెస్సు మేడ మీది గది
శుక్రవారం

బావా,

ఆపమన్నావు. ఆగలేదు. కారణం అడగొద్దన్నావు, అడగలేదు. ఒకటికి ఒకటి చెల్లు.

ఎందుకాగలేదో తెలిస్తే నువ్వే వచ్చి నా అచ్చు ట్రెడిల్ తొక్కేవాడివి. పళ్ల డాక్టరు కుర్చీలో ఉత్సవ కమిటీ మనిషి ఒకడు కూచున్నాడట. నోట్లో దూది ఉండగానే గుట్టంతా కక్కేశాడట. బండరాయి పక్కన సౌండు చూసేవాడెవడో చేరి, ‘పునాది’ని పదకొండు నిమిషాలకు కొయ్యమన్నాడట! ఆరు నిమిషాలు, బావా! మన గాయకుడు, గొంతు, సగం ఒప్పుకున్నాడట కూడా. మన డాక్టరు ఈ మాట పళ్లికిలించి చెప్పాడు. “చూశావా, వాళ్ల మనిషికే తెలిసింది, తగదని.”

వెంటనే కిందికి దిగి అయిదోది అచ్చుకూర్చాను. ఆరొందల కాపీలు. ఒకటి జత చేస్తున్నాను. చదువు:

‘కూలి చెవి

మిత్రులారా! పాటకు శత్రువు చెవిటివాడు కాదు. చెవిటివాడు అమాయకుడు. పాటకు శత్రువు కూలికి వినే చెవి. అది వేదిక ముందు బల్ల వేసుకుని కూచుంటుంది. మీటలు తిప్పుతూ తిప్పుతూ తానే పాట కట్టాననుకుంటుంది. రాయిని చూసి గులకరాయి అయితే జేబులో పడుతుంది కదా అంటుంది. పునాదిలో ఆరు నిమిషాలు తవ్వేస్తే ఇల్లు నిలుస్తుందా? ఆ చెవి ఈసారి పదకొండంటుంది, రేపు అయిదంటుంది, ఎల్లుండి పల్లవి రాయమంటుంది. బండరాయి సోదరులారా! ఆ చెవిని నమ్మకండి. పదిహేడుకు పదిహేడూ వాయించండి. ఒక్క దెబ్బ తగ్గినా మేం మీ శ్రోతలం కాము.’

ఎలా ఉంది? ఎవడి పేరూ లేదు గమనించు. ఎవడో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. దెబ్బ ధోరణికి.

అసలు సంగతి ఇంకా ఉంది. ఒక కాపీ పట్టుకుని గొంతు దగ్గరికే వెళ్లాను. ఆయన తాళాల దుకాణం సందు మొదట్లోనే కదా. ఏదో తాళంచెవి అరగదీస్తూ చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, “బాగా రాశావు” అన్నాడు. నాతో మాట్లాడాడు బావా! ఏడేళ్లలో మొదటి రెండు మాటలు. ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. మా వీధి దాటి రెండు వీధులు ముందుకెళ్లిపోయాను.

నువ్వు సౌండువాళ్లందరినీ ఎరుగుదువు. ఆ చెవి ఎవడిది? ఊరికే, తెలుసుకుందామని.

నీ బావమరిది

-

కేబుళ్ల షెడ్డు
మంగళవారం

మహారాజశ్రీ కరపత్ర రచయిత గారికి,

ఆ చెవి నాది. రెండూ నావే.

తమరు ఇప్పుడు కూర్చోవచ్చు. స్టూలు మీదే కూర్చోండి.

ముందుగా పిలిచిన హెడ్‌లైనర్ రాలేనని కబురు పెట్టినప్పుడు, కమిటీవాళ్లు నన్ను, “నువ్వు ఎవరికి సౌండు చూస్తుంటావు?” అని అడిగారు. బండరాయికి అన్నాను. ఎవరూ వినలేదు. వారం రోజులు వెంటపడి వినిపించాను. “తగదేమోనయ్యా” అన్నారు. “తగదు. అయినా పిలవండి” అన్నాను. నిన్ను మొదటిసారి తీసుకెళ్లిన ఆ ఒక్క రోజు తప్ప ఎనిమిదేళ్లుగా ఆ బల్ల వెనకే కూచున్నాను, నువ్వు ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు గనక నీకు గుర్తుండదు. హాల్లో నేను తీగలు చుడతాననుకున్నావు.

ఆరు నిమిషాలు ఎందుకు కొయ్యమన్నానో చెప్తాను. తమరు అడగలేదు, అయినా చెప్తాను. ఎనిమిది కొట్టగానే మైదానంవాళ్లు ముగింపు పాట వేస్తారు. జనం లేచి ఇళ్లకు పోవడానికి ఒక హుషారు పాట. దానికొక యంత్రం, యంత్రానికొక గడియారం. ఎవడి చెయ్యీ ఆపదు. ‘పునాది’ పదిహేడు నిమిషాలూ వాయిస్తే ఆఖరి దెబ్బ సరిగ్గా ఎనిమిదికి పడుతుంది. పదకొండుకు కోస్తే ఆరు నిమిషాలు మిగులుతాయి. ఆ ఆరు నిమిషాల్లో నిదానం కర్రలెత్తి ఎంతసేపు కూచుంటే అంతసేపు కూచోవచ్చు. నేను పాట కోసింది నీ మౌనం బతకడానికిరా, వెధవా.

ఆ మౌనం సంగతి కూడా విను. ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు, పసివాడి చేతిలో బొమ్మ లాక్కోవడం ఎందుకని. నువ్వు చూడ్డానికి ఏడాది ముందు, ఒకరోజు ఆఖరి దెబ్బ మీద నా ఫ్యూజు ఎగిరిపోయింది. హాలంతా చీకటి. అయిపోయిందో, చెడిపోయిందో జనానికి తెలియక ఊరుకున్నారు. నేను కిందపడి కొత్త ఫ్యూజు వెతికి పెట్టేసరికి ఆ కాసేపు అయింది. లైటొచ్చాక చూస్తే సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు. మర్నాటి నుంచి అది ఆనవాయితీ.

నిన్న గొంతు వచ్చాడు. జేబులోంచి తమరి లేబులు తీశాడు. “నీ చెవి మీద నమ్మకం పోయిందయ్యా” అన్నాడు, అంతే. పెద్ద వేదిక బల్ల దగ్గర ఇక మైదానం మనిషి ఉంటాడు. నాకు వెనక స్తంభం ఇచ్చారు. బాత్రూముల వరసకు ఇవతల నాలుగు స్పీకర్లుంటాయి, వాటికి కాపలా.

తమరి నియమం గొప్పదే, పేరు పెట్టి కొట్టరు. పేరు రాయాలనుకుని ఉంటే, ఎవరో కనుక్కునేవారు కదా.

ముందే ఎందుకు చెప్పలేదంటారేమో. ఆ రోజు ముందు వరసలో నిలబడి, ఒకసారైనా వెనక్కి తిరిగి, బల్ల దగ్గర నన్ను చూసి నోరు తెరుస్తావనుకున్నాను. ఆ ముఖం చూడాలనిపించింది.

ఉంటాను.

-

ప్రెస్సు మేడ మీది గది
పన్నెండు రోజుల తర్వాత

బావా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి ‘మిత్రమా’ అని వచ్చింది. చించేశాను. రెండోసారి నీదే తప్పని నాలుగు పేజీలు నిరూపించాను. చాలా బాగా వచ్చింది. అందుకే భయమేసి చించేశాను.

ముందు ఫ్యూజు సంగతి నమ్మలేదు. నిదానం పనిచేసే బ్యాటరీల దుకాణానికి వెళ్లి మొహం మీదే అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ ఆలోచించి ఆలోచించి, ఒక బ్యాటరీ నిండేంత సేపటికి చెప్పాడు. “అవునయ్యా. చీకట్లో నా కళ్లజోడు జారి ఎక్కడో పడింది. కదిలితే తొక్కేస్తానేమోనని కర్రలెత్తి ఉండిపోయా. లైటొచ్చి చూస్తే జనం ఏడుస్తున్నారు. సరే, బాగానే ఉన్నట్టుంది అనుకున్నాం.”

“మరి ఇప్పుడు?” అన్నాను.

“ఇప్పుడు కళ్లజోడుకు తాడు కట్టుకున్నా. కానీ కర్రలెత్తగానే ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది, ప్రతిసారీ” అన్నాడు. ఆ మాట కోపంగా వినాలని వెళ్లాను, వినలేకపోయాను.

అక్కణ్ణించి తాళాల దుకాణానికి. నిలబడే చెప్పాను. “నేను రాసింది అబద్ధం. ఆ చెవి మా బావది. ఆయన మౌనం కోసమే కొయ్యమన్నాడు. ఆయన్ని మళ్లీ బల్ల దగ్గర కూచోబెట్టండి.”

గొంతు నా కరపత్రం తీసి ఇంకోసారి చదివాడు. “ఇంత బాగా రాసింది అబద్ధమెలా అవుతుంది?” అన్నాడు. మళ్లీ తాళంచెవి అరగదీసుకున్నాడు. నేను అరిచాను. ఆయన ఆకురాయి చప్పుడు పెంచాడు. పదిహేడంటే పదిహేడే అట. ఒక్క దెబ్బ తగ్గినా శ్రోతలం కామని నేనే బెదిరించానట.

ఆరో కరపత్రం వేశాను. ఒక్కటే వాక్యం. ‘అయిదో కరపత్రం రాసినవాడు గాడిద. ఇది ధోరణి మీద దాడి కాదు, మనిషి మీదే.’ కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. పళ్ల డాక్టరు దాన్ని క్లినిక్ గోడకు అతికించాడు. నోరు తెరవడానికి మొరాయించే పేషెంట్లకు చూపిస్తున్నాడట, నవ్వి తెరుస్తారని. నేను రాసినవాటిలో జనానికి నచ్చింది ఇదొక్కటే.

క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తావు. అది నాకు ఇంకా చిన్నతనం.

నీ బావమరిది

-

కేబుళ్ల షెడ్డు
కార్డు

ఒరేయ్,

గాడిదనని అచ్చు వేసుకున్నావు. గాడిదను అవమానించావు. అది బరువు మోస్తుంది.

మీ అత్త ఆ కార్యక్రమం చూస్తానంటోంది, బీరువా దిగిందో లేదో తేల్చుకోవాలట. వెనక స్తంభం దగ్గర కుర్చీ వేస్తున్నాను. నా జనం ఇప్పుడు వీళ్లే. పిల్లల్ని భుజాన ఎత్తుకున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, బాత్రూము వరసలో ఉన్నవాళ్లు. నువ్వూ రా. ఇంకో కుర్చీ ఉంది.

బావ

-

ప్రెస్సు మేడ మీది గది
ఉత్సవం అయిన మర్నాడు

బావా,

నేను నీ కుర్చీకి రాలేదు. ముందు వరసకే వెళ్లాను. సంఘమంతా అక్కడే కదా, నేను లేకపోతే భయపడ్డాడంటారని. అట్ట మీద ‘దయచేసి మౌనం’ అని ఇంతింత అక్షరాలతో రాసి పట్టుకెళ్లాను కూడా. దాన్ని డ్రమ్ముల మోత మధ్య ఎత్తి పట్టుకుంటే పక్కవాళ్లు నన్ను ఎలా చూశారో నువ్వే ఊహించుకో.

నిజం రాస్తాను. నీ మాట సగం తప్పింది, డాక్టరు మాట సగం తప్పింది, నాది పూర్తిగా తప్పింది. గోడలు లేకపోయినా మోత పోలేదు. జనం మీద పడి నిలబడింది. పల్లవి లేదు, ఎవరూ గెంతలేదు. కానీ మూడో పాటకు నా వెనక వేల మంది ఒకే నెమ్మదిలో ఊగుతున్నారు. బ్యాంకు గుమస్తా కళ్లు మూసుకుని ఆ వీపు వైపు తిరిగి ఊగాడు. పళ్ల డాక్టరు తనంతట తానే నోరు తెరిచాడు. టైలరు గారు నా చెవిలో, “చొక్కా పట్టిందోయ్” అన్నాడు. బావా, నేను గెలిచాననుకున్నాను. ఎనిమిది కొట్టేదాకా అనుకున్నాను.

‘పునాది’ పదిహేడు నిమిషాలూ వాయించారు. ఆఖరి దెబ్బ పడింది. నిదానం కర్రలెత్తాడు. ఒకటి. రెండు. మూడు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది, ఒట్టు, ఈల ఒక్కటి లేదు, జనం నేర్చుకోనక్కర్లేకుండానే ఆగారు. నేను అట్ట కూడా దించేశాను.

నాలుగో సెకనుకు, “మళ్లీ రండి, మళ్లీ రండి, నవ్వుతూ మళ్లీ రండి!” అని ఆ యంత్రం అందుకుంది. పిల్లల గొంతులు, చప్పట్లు, గంటలు! ముందున్న వేల మందీ ఉలిక్కిపడి, నవ్వి, పాడటం మొదలుపెట్టారు. “ఇదిగోనయ్యా, అడిగావుగా, పల్లవి” అన్నాడు డాక్టరు. ఎగతాళి చేస్తున్నాడని కొట్టబోయాను. చూస్తే అతను నా ‘దయచేసి మౌనం’ అట్ట అందుకుని పైకెత్తి పట్టుకున్నాడు. వేదిక మీద కూలీలు తీగలు పీకేస్తున్నారు. నిదానం మాత్రం కర్రలు దించలేదు. ఆ గంటల మధ్య, ఎవరో పోగొట్టిన దాన్ని వెతుక్కుంటున్నవాడిలా అలాగే కూచున్నాడు. గొంతు మొదటిసారి జనం వైపు పూర్తిగా తిరిగాడు. చూడదగ్గ ముఖం కాదది.

ఆరు నిమిషాలు. నేనే అడిగి వాయించుకున్న ఆరు నిమిషాలు.

నాకు ఇక ఆ ముఖాలు చూడబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగాను. అప్పుడు కనబడింది. మైదానంలో ముందు సగం పాడుతోంది, వెనక సగం కదలడం లేదు. జనంలోంచి దూసుకుని పరిగెత్తాను. నీ స్తంభం దగ్గరికొచ్చేసరికి ఆ పాట పక్కవీధి రేడియోలా ఎక్కడో సన్నగా ఉంది. పిల్లవాణ్ణి భుజాన ఎత్తుకున్న ఆవిడ స్తంభం పక్కన పెట్టిన తెర మీద నిదానం కర్రల్నే చూస్తోంది. “ఏమైందండీ?” అంటే నోటి మీద వేలేసుకుని నన్ను కసిరింది. నన్ను, బావా! మౌనం పాటించమని! బాత్రూము వరస కూడా వరస మర్చిపోయి నిలబడి ఉంది. అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది. అప్పుడు నిదానం కర్రలు దించాడు. వెనక సగం ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది.

అత్త నా చెయ్యి పట్టుకుని, “దిగిందిరా, బీరువా దిగింది” అంది.

నువ్వు స్తంభం మీద ఉన్నావు. కిందికి చూడలేదు. కమిటీ మనిషి కేకలేస్తుంటే, “ఫ్యూజు పోయింది సార్” అన్నావు. నిజం చెప్పు. పోయిందా, పీకావా?

నీ బావమరిది

-

ఇల్లు
గురువారం

ఒరేయ్,

ఫ్యూజు నా జేబులో ఉంది. మీ అత్త చొక్కా ఉతకబోతూ తీసి, “ఇదేమిటి?” అంది. పాత పాట అన్నాను.

ముప్ఫై ఎనిమిది లెక్కపెట్టాను. నలభైమూడు కాలేదు, పైన నిలబడి ఊపిరి బిగబడితే నెమ్మదిగా లెక్కపెడతాం కాబట్టి అయిందనే అనుకుంటున్నాను. మైదానంవాళ్లు నన్ను వచ్చే ఏడాది రావద్దన్నారు. గొంతు నిన్న ఇంటికొచ్చాడు. కాసేపు కూచున్నాడు. పోతూ పోతూ మా వీధి తలుపు తాళం పట్టేస్తోందని బాగుచేసి పోయాడు. ఆదివారం గోడౌన్ హాల్లో వాయిస్తారు. బల్ల నాదే. నువ్వు ఎక్కడ నిలబడతావో నీ ఇష్టం.

దీని మీద ఏడో కరపత్రం రాస్తావని తెలుసు. వద్దన్నా ఆగవు. లేబుళ్లు అయిపోయి ఉంటే ఈ కార్డు వెనకే అచ్చు వేసుకో. కానీ ఒక షరతు. ఫ్యూజు పీకినవాడి పేరు రాయి. కనుక్కుని రాయి. ఇంటిపేరుతో సహా.

నేను కిందికి చూడలేదని రాశావు. చూశాను. నువ్వు ముందు వరసలోంచి వెనక్కి తిరిగినప్పుడు చూశాను. నోరు తెరిచే ఉన్నావు.

బావ